నిందలు కాదు, పరీక్షలు కావాలి

ముస్లిం బిడ్డకు రక్తవ్యాధి అనగానే మేనరికాలే కారణమని తీర్పు చెప్పేవారికి కొదవలేదు. శాస్త్రం చెప్పేది వేరు.

ఎర్రరక్తకణాలకు రక్షణనిచ్చే ఎంజైమ్ జి6పిడి. దీని జన్యువు ఎక్స్ క్రోమోజోమ్‌పై ఉంటుంది. తల్లి వాహకురాలైతే చాలు, ప్రతి కొడుక్కూ ఈ లోపం సంక్రమించే అవకాశం సగం. తండ్రి ఆమెకు బంధువా, పరాయివాడా అన్న ప్రశ్నే లేదు. మలేరియా నుంచి కొంత రక్షణనిచ్చినందునే ఈ లోపం తరతరాలుగా నిలిచింది. దోమ మతం చూసి కుట్టదు కదా!

తలసేమియాలో తల్లిదండ్రులిద్దరూ వాహకులైతేనే బిడ్డకు తీవ్రవ్యాధి వస్తుంది. దగ్గరి సంబంధాలు ఆ ముప్పును పెంచుతాయి, కాదనలేం. కానీ తెలుగునాట మేనరికం హిందువులలోనూ తరతరాల ఆచారమే. ఈ జన్యువు అధికంగా కనిపించే సముదాయాలలో సింధీలు, పంజాబీలు ఉన్నారు. మరి వేలు మనవైపే ఎందుకు చూపుతున్నారు?

ఇరాన్ 1997లో పెళ్లికి ముందు తలసేమియా పరీక్షను తప్పనిసరి చేసింది. వ్యాధితో పుట్టే బిడ్డల సంఖ్య బాగా తగ్గింది. అక్కడ పనిచేసింది నింద కాదు, పరీక్ష.

వైవాక్స్ మలేరియా తిరగబెట్టకుండా ఇచ్చే ప్రైమాక్విన్ మాత్ర, జి6పిడి లోపమున్నవారి రక్తకణాలను చిట్లిస్తుంది. ఆ మాత్రకు ముందు ఎంజైమ్ పరీక్ష, పెళ్లికి ముందు తలసేమియా పరీక్ష ప్రతి బస్తీకీ ఉచితంగా అందాలి. పరీక్ష చేయిస్తే పిల్లకు మచ్చ అని వెనుకాడే మన పెద్దలూ ఆ సంకోచం వీడాలి. ప్రభుత్వాన్ని అడగవలసింది సానుభూతి కాదు, హక్కు.