సేవకు చదువేల యనువారికి

మన నాట సంఘసేవను గూర్చి సభ యెక్కడ జరిగినను, శాలువలు కప్పుటకు ముందో తరువాతనో వక్త యొకడు లేచి, ఈ పనికి కావలసినది ద్రవించు హృదయమే కాని పట్టము కాదనియు, పేదవాని కన్నీరు తుడుచుటకు పాఠ్యపుస్తక మక్కరలేదనియు, జీతము పుచ్చుకొని చేయునది ఉద్యోగమగును గాని సేవ కానేరదనియు ఉద్ఘాటించుటయు, సభికులు కరతాళధ్వనులతో ఆ మాటను ఆమోదించుటయు పరిపాటి యైనది. ఈ అభిప్రాయము సభలకే పరిమితమైనచో ఉపేక్షింపవచ్చును. కాని అనాథశరణాలయమునకు పర్యవేక్షకుని నియమించునపుడును, మహిళా సహాయకేంద్రములో బాధితురాలి యెదుట ఎవరు కూర్చుండవలెనో నిర్ణయించునపుడును, ఆసుపత్రిలో సోషల్ వర్కరు పోస్టు ఏండ్ల తరబడి ఖాళీగా నున్నను ఎవరో యొకరు చూచుకొందురులే యని ఊరకుండునపుడును పనిచేయుచున్నది ఈ అభిప్రాయమే. కనుక దీనిని ఖండింపక తప్పదు. దయతో నాకు కలహము లేదు; దయ యుండిన చాలునను ధీమాతోనే కలహము.

ప్రతిపక్షమువారి వాదములో బలమైన భాగమును ముందే ఒప్పుకొనుట న్యాయము. 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిన కందుకూరి వీరేశలింగము సంఘసేవాశాస్త్రమున పట్టభద్రుడు కాడు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ కూడ కాదు. అయినను దుర్గాబాయమ్మ పేరును ఈ వాదమునకు సాక్ష్యముగా తెచ్చువారు ఆమె జీవితమును సగమే చదివినవారని నా తలంపు. 1923 కాకినాడ కాంగ్రెసు సందర్భమున ప్రదర్శనశాల ద్వారముకడ స్వచ్ఛంద సేవికగా నిలిచిన ఆ బాలిక, టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపిన కథను అందరును ముచ్చటగా చెప్పుకొందురు. వచ్చినవాడెవడైనను నియమమొక్కటే యను వృత్తిధర్మము ఆ వయస్సుననే ఆమెకు పట్టువడినదని మాత్రము గమనింపరు. 1937లో మద్రాసున ఆంధ్ర మహిళాసభను నెలకొల్పిన పిమ్మట ఆమె దానితో తృప్తినొందక న్యాయశాస్త్రమును చదివి న్యాయవాదియైనది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైన ఆమె, ఆ యేటనే చైనాకు పోయి, అచ్చటి కుటుంబ న్యాయస్థానములు పనిచేయు తీరును కన్నులార చూచివచ్చి, అట్టివి మనకును కావలెనని ప్రధానితోను న్యాయకోవిదులతోను చర్చించినది. ఆ తలంపు ఆమె కన్నుమూసిన మూడేండ్లకు, 1984లో, చట్టరూపము దాల్చినది. హృదయమొక్కటే చాలునని ఆమె ఒక్కనాడైన అనుకొనియుండినచో ఇంత శ్రమ యేల?

అసలు విషయమునకు వచ్చెదను. దయయందు ఒక అధికారము దాగియుండును. దయగలవానికే అది కానరాదు. సహాయము కోరి వచ్చినవాడు ఆకలితోనో అవమానముతోనో భయముతోనో వచ్చును. సహాయము చేయవచ్చినవాడు, వాని బిడ్డ యెవరి యింట పెరుగవలెనో, వాని కుమార్తె భర్త యింటికి మరలిపోవలెనో వలదో, వాని తమ్ముడు గృహమున నుండదగునో ఆసుపత్రిలో నుండదగునో వ్రాయు కాగితమును చేతబట్టుకొని కూర్చుండును. వైద్యుని చేతి కత్తి అందరికిని కనబడును. ఈ కాగితము కత్తియని ఎవరికిని తోచదు. దుర్మార్గుడు చేయు అపకారమును ఎదిరింపవచ్చును. సజ్జనుడు మన మేలుకొరకే చేయు అపకారమును ఎదిరించినవాడు కృతఘ్నుడనిపించుకొనును.

ఇది ఊహాకల్పితము కాదు. బాపట్లకు దాపున నున్న స్టువర్టుపురము దీనికి నిదర్శనము. 1871 నాటి నేరస్థ జాతుల చట్టము 1911లో మార్పు చెంది మద్రాసు రాజధానికి వ్యాపింపగా, ఎరుకల కుటుంబములను తెచ్చి ఒకచో నిలిపి, మద్రాసు ప్రభుత్వములోని హెరాల్డ్ స్టువర్టు అను దొరపేర ఒక సెటిల్మెంటును వెలయించి, దానిని నడుపు భారమును సాల్వేషన్ ఆర్మీ అను క్రైస్తవ సంస్థకు అప్పగించిరి. ఆ మిషనరీలు క్రూరులు కారు. భూమి చూపిరి, బడి పెట్టిరి, పని కల్పించిరి, ప్రార్థన నేర్పిరి. తమ దేశమును విడిచివచ్చి, మండుటెండలలో శ్రమించిరి. హృదయమును కొలుచు త్రాసు ఉన్నచో వారి తట్ట తేలిపోయెడిది కాదు. అయినను వారి పాలనలో మనుష్యులు హాజరు పిలుపునకు పలుకవలసినవారే, అనుమతి లేక పొలిమేర దాటరానివారే. పుట్టుకచేతనే ఒక కులము నేరము చేయునను ప్రభుత్వ నిర్ణయమును ఆ దయామయులు ప్రశ్నింపక, దానిపైననే తమ సంస్కరణ సౌధమును కట్టిరి. ఎరుకలలో అనేకులు పూర్వము ఉప్పును ధాన్యమును పశువులపై మోసికొని ఊరూర తిరుగు వర్తకులనియు, రైలుమార్గములును సర్కారు ఉప్పు విధానమును వారి వర్తకమును కూల్చినవనియు విచారించుట వారి పనిలో భాగమని వారికి తోచలేదు. వీరిని బాగుచేయుట యెట్లని దయ అడిగినది. వీరికి ఈ గతి యేల పట్టినదని అడుగవలసినది శాస్త్రము, అది యచ్చట లేకపోయెను. స్వాతంత్ర్యానంతరము ఆ చట్టము రద్దయ్యెను గాని, ఆ యూరి పేరు మాత్రము దొంగతనమునకు మారుపేరై, సినిమాలకు సరుకై, దశాబ్దములపాటు అచ్చట పుట్టిన బిడ్డల నొసట నిలిచినది.

పాతకథ యని దీనిని త్రోసిపుచ్చువారికి మన కాలపు కథ మరియొకటి కలదు. 1999 మొదలు 2001 వరకు తెలంగాణమందలి లంబాడీ తండాల నుండి ఆడశిశువులు స్వల్పమైన సొమ్ముకు చేతులు మారి, హైదరాబాదులోని దత్తతసంస్థల ద్వారా విదేశములకు పోవుచుండిన వైనము బయటపడి దేశము నివ్వెరపోయినది. దళారులు దళారులే, వారిని గురించి చెప్పవలసినది పోలీసులు. నాకు ముఖ్యమైనది వారి చుట్టు నిలిచిన మంచివారి మాట. ఆకలితో మాడుటకంటె అమెరికాలో చదువుకొని పెరుగుట ఆ బిడ్డకు మేలు కాదా యని ఆనాడు అడిగినవారు మూర్ఖులు కారు, లాభము పొందినవారును కారు. అంతకు పదునైదేండ్లకు పైగా ముందే, 1984లో, లక్ష్మీకాంత్ పాండే వ్యాజ్యములో సర్వోన్నత న్యాయస్థానము విదేశీ దత్తతలకు కట్టుదిట్టములు విధించియుండెను, కాగితములును ఉండెను, కాగితములపై తల్లుల వ్రేలిముద్రలును ఉండెను. తల్లి ఇచ్చినది, బిడ్డ బాగుపడును, ఇంక చింత యేల యని దయ అచ్చటనే ఆగిపోవును.

విద్య నేర్చిన సంఘసేవకురాలు అచ్చటనే పని మొదలుపెట్టును. ఈ తల్లికి ప్రసవమై ఎన్ని దినములైనది? ఇది ఆమెకు ఎన్నవ ఆడబిడ్డ? ఆమె మాటలాడునపుడు ప్రక్కన నిలిచినది భర్తయా, అత్తయా, దళారియా? ఆమెతో మాటలాడినది తెలుగులోనా, ఆమె యింటి భాషయైన గోర్‌బోలీలోనా? ఇచ్చిన బిడ్డ తిరిగి రాదని ఆమెకు తెలిసినదా, లేక చదివించి పంపుదురని విన్నదా? పాలడబ్బాయో, రేషను కార్డో, కొన్నాళ్ల కూలికి బదులైన సాయమో దొరికినచో ఈ బిడ్డను విడుచునా? ఈ ప్రశ్నలలో ఏది జ్ఞానమునకు చెందినది, ఏది నీతికి చెందినది యని విడదీయుడు చూతము. ప్రసూతి తరువాతి మనఃస్థితిని ఎరుగనివాడు ఆమె సమ్మతిని తూచలేడు. సమ్మతికి విలువ నీయనివానికి ఆ యెరుక యెంత యున్నను నిష్ప్రయోజనము. 2015 నాటి బాలల న్యాయ చట్టము, బిడ్డను అప్పగించిన తలిదండ్రులకు పునరాలోచనకై రెండు నెలల గడువునిచ్చినది. దత్తత కొరకు వేచియున్న దంపతుల ముఖములు చూచిన దయాహృదయునికి ఆ రెండు నెలలు నిష్కారణమైన జాప్యముగా తోచును. అది జాప్యము కాదు. దయ చేయు తొందరకు శాస్త్రము వేసిన కళ్లెము. ఇంకొక మాట: ఆ గడువు తీరిన పిమ్మటను తల్లి తన నిశ్చయమును మార్చుకొననిచో, మాతృత్వ మహిమను వర్ణించి ఆమెను సిగ్గుపరచి బిడ్డను తిరిగి అంటగట్టు సేవకుడును అపరాధియే.

మన యూళ్లలో కౌన్సెలింగు పేర జరుగు తంతును గూర్చి వ్రాయబూనినచో ఈ వ్యాసము చాలదు. దెబ్బలు తిని వచ్చిన స్త్రీని కూర్చుండబెట్టి, పిల్లల ముఖము చూచి సర్దుకొనిపొమ్మని హితవు చెప్పు పెద్దమనిషి ఆమె కీడు కోరువాడు కాడు. తన కూతురికైనను అదే చెప్పియుండును. అందుచేతనే 2005 నాటి గృహహింస చట్టమునకు మరుసటి యేట వెలువడిన నియమావళి, ఉభయపక్షములలో ఎవరితోనైనను సంబంధము గలవారిని సలహాదారులుగా ఉంచరాదనియు, కొట్టుటకు భర్త చెప్పు సాకులను ఆ కౌన్సెలింగులో సాగనీయరాదనియు శాసించినది. కూర ఉప్పగా నున్నదని కొట్టితినన్నవానితో ఉప్పు తగ్గించుటను గూర్చి రాజీ కుదుర్చుట మంచితనమున సాధ్యమే. వృత్తివిద్యలో సాధ్యము కాదు.

ఇక మరియొక ప్రక్కనున్నవారు కలరు. వీరు పట్టభద్రులు, చట్టములను, ఫారములను కంఠస్థము చేసినవారు, నియమమును పాటించితిమి, మా పని తీరినది అనువారు. వీరును నా వాదమునకు మిత్రులు కారు. పదునేడేండ్ల బాలిక యొకతె పాఠశాలలో సలహాదారుకడకు వచ్చి, ఒక మాట చెప్పెదను, ఎవరికిని చెప్పనని మాట యిండని అడిగినదనుకొందము. మంచిమనసు గలది వెంటనే చేయి పట్టుకొని, చెప్పుమమ్మా, నా కడుపులోనే దాచుకొందునని ప్రమాణము చేయును. ఆ బాలిక తనపై జరిగిన లైంగిక దౌర్జన్యమును చెప్పును. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము, అట్టి నేరము తెలిసినవారు పోలీసులకు తెలుపవలసినదే. తెలుపనిచో ఆరు నెలల వరకు కారాగారము. ఇప్పుడామె మాట తప్పవలెను, లేదా చట్టము తప్పవలెను. ఆ ద్రోహమునకు బీజము దయతో చేసిన ప్రమాణములోనే యున్నది. శిక్షణ పొందినది ఆ మాట వినుటకు ముందే, నీ రహస్యమును కాపాడెదను గాని నీకు ప్రాణభయమో శరీరభయమో ఉన్నచో కొందరికి చెప్పక తప్పదు, ఎవరికి చెప్పుదునో నీకు చెప్పియే చెప్పుదునని హద్దును ఎరిగించును. ఈ నాలుగు మాటలు హృదయమునుండి తమంత తాము పుట్టవు; నేర్చుకొనవలసినవి.

ఫారములవారికి ఇచ్చటనే మరియొక చిక్కు. ఫిర్యాదు చేయుమని చట్టము చెప్పినది. దౌర్జన్యము చేసినది ఇంటిలోని మేనమామయే యైనచో ఈ రాత్రి ఆ పిల్ల ఎక్కడ నిద్రించునో ఫారము నింపినంత తేలదు. తల్లికి ముందు చెప్పవలెనా, పోలీసులకు ముందా యనుటయు చట్టము చెప్పలేదు. తన యీడువానినే ప్రేమించి వచ్చిన పిల్లయైనను, మేనమామచే చెరుపబడిన పిల్లయైనను, పదునెనిమిదేండ్లు నిండనిచో ఫిర్యాదు చేయు విధివిషయమున చట్టమునకు వారిర్వురును ఒక్కటే. సేవకురాలి వివేకమున ఒక్కటి కారాదు. 2022లో సర్వోన్నత న్యాయస్థానమే, గర్భస్రావమునకై వచ్చిన బాలిక పేరును వైద్యుడు పోలీసులకు వెల్లడింపనక్కరలేదని చెప్పవలసివచ్చినది. సంఘసేవాశాస్త్ర పండితుడు ఫెలిక్స్ బీస్టెక్ 1957లో వ్రాసిన గ్రంథములో రహస్యపాలనను, సేవితుని స్వయంనిర్ణయమును మూలసూత్రములుగా చెప్పినపుడు, వానికి హద్దులు కలవనియు చెప్పియుండెను. పరీక్షలకు సూత్రములను వల్లెవేసినవారు ఆ హద్దులున్న పుటలను దాటవేసినట్లున్నది.

ఈ శాస్త్రము పాశ్చాత్యమని మరియొక ఆక్షేపణ. 1915లో బాల్టిమోరున జరిగిన సదస్సులో విద్యావేత్త ఏబ్రహాం ఫ్లెక్స్‌నర్, సంఘసేవకు తనదియైన ప్రత్యేక విద్య లేదనియు, కనుక అది వృత్తి కాజాలదనియు తేల్చిచెప్పెను. మనవారు ఆయన పేరెరుగకయే ఆయన వాదమును అప్పు తెచ్చుకొని, దానిని భారతీయ సంప్రదాయమనుచున్నారు! రెండేండ్లకు మేరీ రిచ్‌మండ్ తన సామాజిక రోగనిర్ణయ గ్రంథముతో బదులిచ్చినది. ఆమె కళాశాల ముఖము చూచినది కాదు. అయినను 1897లోనే ఈ పనికి శిక్షణాలయము కావలెనని ఎలుగెత్తిన వారిలో ఆమె యొకతె. మంచివారు దానము పేర చేయు నష్టములను ఏండ్ల తరబడి దగ్గరనుండి చూచినది గనుక. 1936లో బొంబాయిలో దోరాబ్జీ టాటా పేర తొలి విద్యాలయము వెలసిన నాటినుండి మన పాఠ్యక్రమములు అమెరికా పుస్తకములపై మితిమీరి ఆధారపడినవనియు, కులమును గూర్చి చెప్పవలసినంత చెప్పలేదనియు అన్నచో తల వంచి ఒప్పుకొందును. అది పాఠములను తిరిగి వ్రాయుటకు కారణము. పాఠశాలను మూయుటకు కాదు.

చివరకు మిగిలినది జీతము మాట. జీతము పుచ్చుకొనువానిని పనిలోనుండి తొలగింపవచ్చును. పుచ్చుకొననివానిని ఏమి చేయగలము? న్యాయవాది తప్పుచేసినచో బార్ కౌన్సిల్ కలదు, వైద్యుడు తప్పుచేసినచో వైద్యమండలి కలదు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము మనోవైద్య సంఘసేవకునికి ఏ చదువుండవలెనో నిర్వచించినది. 2021 నాటి అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టము ఆసుపత్రులలోని సంఘసేవకులను తన జాబితాలో చేర్చుకొన్నది. ఆసుపత్రి ప్రహరీ వెలుపల, బాలసదనములలో, సహాయకేంద్రములలో, తండాలలో పనిచేయు సంఘసేవకులందరికిని వర్తించు శాసనబద్ధమైన మండలి నేటికిని దేశమున లేదు. ఉండవలెనన్న కోరిక వచ్చినప్పుడెల్ల, సేవకు లైసెన్సా యని పరిహసించి దానిని వెనుకకు నెట్టువారు, తప్పుడు నివేదికచే బిడ్డను పోగొట్టుకొన్న తల్లి తన ఫిర్యాదును ఎవరి పేర వ్రాసి ఏ కార్యాలయమున ఇచ్చుకొనవలెనో ముందు చెప్పవలెను.