యంత్రము నెఱుగని యజమాని

దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రమున 2024 డిసెంబరు 1వ తేది మొదలు ఒక క్రొత్త నిబంధన అమలులోనికి వచ్చినది. బరువు టన్నునకు 276 కిలోవాట్లు గాని, అంతకు మించి గాని బలముగల కార్లను నడపగోరువారికి సామాన్యపు లైసెన్సు చాలదు. అందులకై యేర్పఱచిన పాఠమును ముగించి 'యు' తరగతి లైసెన్సును వేఱుగా పొందవలెను. ఇట్టి కార్లలో చక్రముల పట్టు తప్పకుండ కాపాడు పరికరములను బుద్ధిపూర్వకముగ ఆపివేయుటయు అచ్చట నేరమే. 2019లో ఆ రాష్ట్ర రాజధానియైన అడిలైడు నగరమున ఒక లాంబొర్గినీ కారు అదుపు తప్పి వీథి ప్రక్కనున్న పదునైదేండ్ల బాలికను బలిగొన్నది. ఆ దుఃఖమునుండియే ఈ శాసనము పుట్టినది. స్పోర్ట్స్ కారు యజమాని తన బండిని గూర్చి ఎంత యెఱిగియుండవలెనను ప్రశ్నకు ఒక ప్రభుత్వము ఇచ్చిన ప్రత్యుత్తరముగ దీనిని మేము గ్రహించుచున్నాము.

మన దేశమున ఈ ప్రశ్నను ఇంకను ఎవరును గట్టిగా అడిగినట్లు లేదు. మన చట్టము కారును బరువుచేత విభజించునే కాని బలముచేత విభజింపదు. 7,500 కిలోలకు లోబడినదెల్ల తేలిక మోటారు వాహనమే. అఱువది గుఱ్ఱముల బలముగల చిన్న కారుపై పరీక్ష నిచ్చి లైసెన్సు పొందిన యువకుడు మఱునాడే ఆఱువందల గుఱ్ఱముల బలముగల కారును హైదరాబాదు వీథులలో నడపినను కాదనుటకు చట్టము లేదు.

మోటారు బండి పుట్టిన తొలి దినములలో దానిని కొన్నవాడు కొంత యంత్రవిద్య నేర్వక తప్పెడిది కాదు. ముందర నిలిచి హ్యాండిలు త్రిప్పి ఇంజనును మేల్కొల్పవలెను. నిప్పురవ్వ పుట్టు సమయమును వెనుకకు జరుపు మీటను అంతకుముందే సరిచూచుకొనవలెను. మఱచెనా, ఆ హ్యాండిలే యెదురు తిరిగి మణికట్టు విఱిచెడిది. 1912లో అమెరికాలోని క్యాడిలాక్ కంపెనీవారు విద్యుత్తుతో ఇంజనును కదలించు పరికరమును తమ బండ్లలో అమర్చిరి. అది మొదలు మోటారు శాస్త్రము చాలవఱకు ఒక్క దారినే నడచినది: యజమాని తెలిసికొనవలసినదానిని తగ్గించుట. ఇది నిందింపదగినది కాదు. వైద్యుడును, వర్తకుడును, బడిపంతులును బండిని వాడుకొనగలుగుట ఆ శ్రమఫలమే. సామాన్యపు కారు విషయమున యజమాని యజ్ఞానమును మేమును క్షమింతుము. బలము కొఱకే కొన్న బండి విషయమున ఆ క్షమకు తావు లేదు.

వీరికి ఏమియు తెలియదనుట న్యాయము కాదు. ఇంజను బలమెంత, సున్న నుండి నూఱు కిలోమీటర్ల వేగమునకు ఎన్ని సెకండ్లు, ప్రపంచమున ఇట్టి బండ్లు ఎన్ని తయారైనవి, ఇవన్నియు అష్టోత్తరము వలె అప్పగింతురు. నీ టైర్లు ఏ యేట పుట్టినవని యడిగిన మాత్రము నోరు మెదపరు. మెప్పు తెచ్చు విద్య యంతయు కంఠస్థము. ప్రాణము నిలుపు విద్య మెకానిక్కు పాలు.

టైరు సంగతియే చూడుడు. ఎంతటి కారైనను నేలను తాకునది నాలుగు అరచేతుల పాటి రబ్బరు మాత్రమే. ఇంజను బలమును, బ్రేకు బిగువును, మలుపునందలి నిలుకడయు దాని గుండనే నేలకు చేరవలెను. నిత్యము తిరుగు కారు టైరు అరిగిపోవును. ఆ యరుగుదల కంటికి కనబడును. స్పోర్ట్స్ కారు తఱచుగ వారమున కొకనాడు వెలుపలికి వచ్చును. దాని టైరు గాళ్లు క్రొత్తవానివలె లోతుగా నుండగనే రబ్బరు ఏండ్లు గడచి గట్టిపడి పట్టు కోల్పోవును. టైరు ప్రక్కభాగమున నాలుగంకెలు అచ్చువేసియుండును. 2319 అని యున్నచో 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని యర్థము. దీనిని చదువుటకు ఇంజనీరింగు పట్టము అక్కఱలేదు. నేలపై మోకాలూనిన చాలును.

2013 నవంబరు 30న కాలిఫోర్నియాలో సినిమా నటుడు పాల్ వాకర్ ప్రయాణించుచున్న పోర్షే కరేరా జీటీ కారు అదుపు తప్పగా ఆయనయు, కారు నడపుచున్న ఆయన మిత్రుడును మరణించిరి. బండిలో యంత్రలోప మేదియు విచారణాధికారులకు కనబడలేదు. గంటకు 72 కిలోమీటర్ల పరిమితిగల వీథిలో 129 మొదలు 150 కిలోమీటర్ల వేగమున పోయిరనియు, టైర్లకు తొమ్మిదేండ్ల వయస్సనియు తేల్చిరి. వేగమే ముఖ్య కారణము. ముదిసిన టైర్లు దానికి తోడైనవి. నడపినవాడు పందెములలో పాల్గొన్న యనుభవశాలి యని మఱువరాదు.

ఇంజను ఎచ్చట నున్నదో యెఱుగుటయు వట్టి కుతూహలము కాదు. పోర్షే 911 కారున అది వెనుక ఇరుసునకు ఆవల నుండును. మలుపు నడుమ వేగము హెచ్చెనని బెదరి యాక్సిలరేటరు మీది కాలు చటుక్కున తీసిన యెడల బరువు ముందునకు ఒరిగి, వెనుక చక్రములు తేలికయై పట్టు విడుచును. బండి వెనుక భాగము ప్రక్కకు జాఱును. 1975 ప్రాంతమున వెలువడిన దాని టర్బో రకమున బలము కొంత ఆలస్యముగ, ఒక్కుమ్మడిగ వచ్చిపడెడిది. బెదరినవాని కాలు సహజముగ చేయు పనియే అచ్చట ప్రమాదహేతువు. నేటి కార్లలో ఈ స్వభావమును పరికరములు చాలవఱకు కప్పివేసినవి. అయినను టైరున లేని పట్టును ఏ కంప్యూటరును తెచ్చిపెట్టజాలదు.

బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 4 రకము క్రొత్తదైనపుడు కనీసము 230 డిగ్రీల వఱకు మరుగకుండవలెనని ప్రమాణము. తేమ పట్టినపిదప ఆ ప్రమాణము 155 డిగ్రీలే. ద్రవము మరిగి ఆవిరి పుట్టినచో పెడలు నేలకంటును గాని బండి ఆగదు. వేగము రెట్టింపైన బ్రేకులు హరింపవలసిన శక్తి నాలుగింతలగును. శ్రీశైలపు ఘాటు దిగునపుడు ఈ లెక్క జ్ఞాపకమునకు వచ్చిన లాభము లేదు, బయలుదేరకముందే రావలెను.

ఇంతకంటె లోతునకు పోనక్కఱలేదు. వాల్వుల నడిమి సందులు కొలుచుటయు, గేరుపెట్టె విప్పుటయు యజమాని ధర్మములని మేము చెప్పము. నిజమునకు, సగము తెలిసి విప్పినవానికంటె ఏమియు తెలియక ముట్టనివాడే మేలు.

సర్వీసు కేంద్రము చూచుకొనునుగదా యని కొందఱందురు. ఏట నొకమాఱు చూచువాడు మిగిలిన దినములకు పూచీ పడునా? పైగా ఆ జ్ఞానమును కంపెనీవారు తమ గుప్పిట నుంచుకొనుటకు యత్నించుటయు మన దేశము చూచినదే. విడిభాగములను, మరమ్మతు సాధనములను స్వతంత్ర కార్ఖానాలకు అందనీయలేదని 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలపై 2,544 కోట్ల రూపాయలకు మించిన జరిమానా విధించినది. అప్పీలులో కొందఱికి మొత్తము తగ్గినను, ఆ నిర్ణయము వెల్లడించిన సంగతి చిన్నది కాదు. కోట్లు పోసి కొన్న వస్తువును గూర్చి పరదేశపు కంపెనీ చెప్పినంతయే తెలిసికొని, చెప్పనిది అడుగకుండుట స్వతంత్రుల లక్షణమా? 2022లో కేంద్ర ప్రభుత్వము మరమ్మతు హక్కును గూర్చి ఉపసంఘమును నియమించి, మోటారు వాహనములను అందు చేర్చినది. యజమానులే అడుగనిచో ఆ హక్కు కాగితముపైననే యుండును.

2022లో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించిరి. అందు నూటికి డెబ్బదిమందికి పైగా అతివేగమువలననే యని ప్రభుత్వపు లెక్క. వీరిలో స్పోర్ట్స్ కారు వాతబడినవారు కొలదిమందియే కావచ్చును. కాని కాలినడకవాడు, సైకిలువాడు ఆ బండి బలమును తాము కోరి కొనలేదు. 2024 మే 19వ తేది తెల్లవారకముందు పూనాలో ఒక పోర్షే కారు ఢీకొని యిద్దఱు యువ ఇంజనీర్లు మరణించిరి. పదునేడేండ్ల బాలుడు మద్యము సేవించి నడపెనని పోలీసుల యభియోగము. అచ్చట లోపించినది టైరు విద్య కాదు. తాళపుచెవి ఎవరి చేతి కీయదగునో యెఱుగుట యజమానికి అన్నింటికంటె ముందు కావలసిన విద్య. మైనరు నడపి నేరము చేసినచో సంరక్షకుని గాని, యజమానిని గాని దోషిగ నెంచి మూడేండ్ల వఱకు శిక్షింపవచ్చునని 2019 సవరణ చట్టమున చేర్చినదిందులకే.

ఆంధ్ర, తెలంగాణ రవాణా శాఖలవారు ఆస్ట్రేలియా నిబంధనను తెప్పించి చదువుదురు గాక. టన్నునకు ఇంత బలమను హద్దు మన చట్టమునకును చేర్చవలెనని కేంద్రమునకు వ్రాయుదురు గాక. వర్తకులు అంతవఱకు వేచియుండనక్కఱలేదు. చెన్నపురి చెంత ఇరుంగాట్టుకోట్టైలో పందెపు బాట యున్నది. బండి కొన్నవానికి అచ్చట ఒక దినము శిక్షణ యిప్పించుటకగు వ్యయము ఆ బండి వెలలో లెక్కకు రాదు. తెలుగున నాలుగు పుటల సూచనల పుస్తకమును అచ్చొత్తించుటయు అంతే. ఇక టైరుపై ఆ నాలుగంకెలు ఎచ్చట నున్నవో బేరము కుదిరిననాడే వంగి చూపవచ్చును.