రెండు గుండెలు, రెండు లెక్కలు

స్కానింగ్ గదిలోంచి వచ్చిన కూతురు "ఇద్దరున్నారట అమ్మా" అనగానే, బయట బెంచీ మీద కూర్చున్న తల్లి అడిగే మొదటి మాట ఒకటే: "ఇద్దరికీ గుండె కొట్టుకుంటోందన్నారా?" అడగాల్సిన మాటే. కొట్టుకుంటోందని తెలిశాక చుట్టాలకు ఫోన్లు వెళతాయి, ఇంట్లో పండగ మొదలవుతుంది. నా బాధల్లా ఆ తర్వాతి సంగతి గురించే. అప్పటి నుంచి కాన్పు దాకా చాలా చోట్ల ఆ ఇద్దరి గుండెల కబురూ ఒకే ముక్కలో తేలిపోతోంది. కార్డు మీద "ఎఫ్‌హెచ్‌ఎస్ ప్లస్" (బిడ్డ గుండె చప్పుడు ఉంది) అని గీసి పక్కన పెట్టేస్తారు. ఏ బిడ్డది ప్లస్? ఎక్కడ విన్నారు? నిమిషానికి ఎన్నిసార్లు? రెండో గుండె విన్నారా, లేక మొదటిదాన్నే రెండుసార్లు విన్నారా? కవలలను మోస్తున్న తల్లి చేతి కాగితాల్లో వీటన్నిటికీ జవాబు ఉండి తీరాలి.

అసలు తొందర మొదటి స్కానింగు దగ్గరే మొదలవుతుంది. నెల తప్పిన వారానికే పరుగెత్తుతున్నాం. ఐవీఎఫ్ చేయించుకున్నవాళ్ల ఆత్రం మరీ ఎక్కువ, ఎన్నేళ్ల నిరీక్షణో మరి. కానీ ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కేస్తే ఐదో వారంలో కనిపించేవి చిన్న నీటి సంచులు మాత్రమే. ఆరో వారంలో, అదీ యోని మార్గంలో చేసే స్కానింగులో, గుండె కదలిక మినుకుమంటుంది. పొట్ట మీద నుంచి చూడాలంటే సాధారణంగా ఇంకో వారం ఆగాలి. మొదట్లో నిమిషానికి 100, 110 సార్లు కొట్టుకునే గుండె తొమ్మిదో వారానికి 170 దాకా ఎగబాకి, తర్వాతి నెలల్లో 110కీ 160కీ మధ్య కుదురుకుంటుంది. ఐదో వారంలో వెళ్లి "ఒక్కరే ఉన్నారు" అని విన్నవాళ్లకు ఎనిమిదో వారంలో ఇద్దరు కనిపించిన సందర్భాలున్నాయి. ఒకే సంచిలో ఇద్దరూ ఉంటే రెండో పిండం మరీ తేలిగ్గా కంటికి తప్పిపోతుంది.

దీనికి అవతలి వైపున్నది మరింత కష్టమైన సంగతి. ఒక బిడ్డకు గుండె కనబడుతుంది, పక్క బిడ్డకు కనబడదు. ఇక్కడ డాక్టర్లు పాటించే నియమం ఒకటుంది. పిండం పొడవు 7 మిల్లీమీటర్ల లోపు ఉండి గుండె కదలిక కనిపించకపోతే, పోయిందని ఆ రోజే తేల్చకూడదు. కనీసం వారం ఆగి మళ్లీ చూడాలి. ఆ వారం ఆ తల్లికి ఎంత బరువుగా గడుస్తుందో నాకు తెలుసు. అయినా ఆగాలి. "ఒకటి పోయిందమ్మా, ఇంకోటి బాగుంది" అని హడావుడిగా చెప్పే మాట తప్పయితే దాన్ని వెనక్కి తీసుకునే దారి లేదు.

"గుండె చప్పుడు ఒకసారి వినిపించండి డాక్టర్" అని ఫోనులో రికార్డు పెట్టుకుని అడిగే భర్తలు ఇప్పుడు ఎక్కువయ్యారు. వాళ్ల ముచ్చట అర్థమవుతుంది. అయితే మొదటి మూడు నెలల్లో చప్పుడు వినిపించేందుకు డాప్లర్ వాడటం మంచిది కాదని ప్రపంచవ్యాప్తంగా అల్ట్రాసౌండ్ నిపుణుల సంఘాలు చెబుతున్నాయి. ఆ పద్ధతిలో ఒకే చోట ఎక్కువ శక్తి పడుతుంది, అంత చిన్న పిండానికి అది అనవసరం. ఎమ్ మోడ్ అనే పద్ధతిలో తెర మీద అలల గీత వస్తుంది, దాంతోనే వేగం కొలవచ్చు. కాబట్టి "వినిపించను, చూపిస్తాను" అనే డాక్టరు మీద విసుక్కోవద్దు. ఇద్దరికీ రెండు గీతలు తీసి, రెండు అంకెలు రిపోర్టులో వేశారా లేదా అన్నది చూసుకోండి.

కొందరికి ఒక గుండె నిజంగానే ఆగిపోతుంది. తొలి వారాల్లో కవలలుగా మొదలై ఒక్కరే మిగిలే గర్భాలు మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ. ఆగిన పిండాన్ని శరీరమే మెల్లగా కలిపేసుకుంటుంది. ఎవరి మాయ వారికుంటే పక్క బిడ్డకు సాధారణంగా ఇబ్బంది రాదు. ఇంత జరిగాక మన ఇళ్లలో మొదలయ్యే విచారణ నాకు సహించదు. బస్సెక్కిందనీ, బిందె మోసిందనీ, మెట్లు దిగిందనీ. ఇంత తొలి దశలో పిండం నిలవకపోవటానికి చాలావరకు కారణం క్రోమోజోముల్లో జరిగిన పొరపాటు. తల్లి నడకకూ పనికీ దానితో సంబంధం లేదు. జంట అరటిపండు తింటే కవలలు పుడతారని పెళ్లికాని పిల్లల చేతుల్లోంచి లాక్కునే ఊళ్లు మనవి; పుట్టినా, పుట్టకపోయినా, ఒకరు పోయినా కారణం ఆడదాని నోట్లోనో కాళ్లలోనో వెతుకుతాం. "ఒకటైనా మిగిలింది, సంతోషించు" అని ఆమెకు చెప్పకండి. ఆమె పోయిన బిడ్డ కోసం ఏడుస్తూనే మిగిలిన బిడ్డను కాచుకుంటోంది. ఆ రెండింటికీ చోటివ్వాలి.

ఇద్దరి గుండెలూ కొట్టుకుంటున్నాయని తేలాక అడగాల్సిన అతి ముఖ్యమైన ప్రశ్నను మన కుటుంబాలు దాదాపు ఎప్పుడూ అడగవు: మాయ ఒకటా, రెండా? దీన్ని తేల్చటానికి మంచి సమయం 11 నుంచి 14 వారాల మధ్య, అంటే బిడ్డ మెడ వెనక నీటి పొర మందం కొలిచే ఎన్‌టీ స్కానింగ్ వేళ. ఇద్దరి మధ్య పొర మాయను తాకే చోట మందంగా ముక్కోణంలా ఉంటే మాయలు రెండు; సన్నగా, నిటారుగా వచ్చి తాకితే ఒక్కటే. నెలలు గడిచేకొద్దీ ఈ గుర్తు కనిపెట్టడం కష్టమవుతుంది. వేర్వేరు అండాల నుంచి వచ్చిన కవలలకు మాయలు రెండే ఉంటాయి. ఒకే అండం చీలిన కవలల్లో మూడింట రెండు వంతుల మందికి మాయ ఒక్కటే. ఆ ఒక్క మాయలో ఇద్దరి రక్తనాళాలూ కలిసి ఉంటాయి.

అసలు ప్రమాదం అక్కడుంది. ఒకే మాయ పంచుకునే కవలల్లో నూటికి 10 నుంచి 15 గర్భాల్లో ఒక బిడ్డ రక్తం మరో బిడ్డలోకి మళ్లడం మొదలవుతుంది. ఇచ్చే బిడ్డ చుట్టూ ఉమ్మనీరు ఇంకిపోతుంది, పుచ్చుకునే బిడ్డ చుట్టూ పొంగిపోతుంది. ఇది మొదలైన రోజుల్లో డాప్లర్ పెట్టి వింటే రెండు గుండెలూ చక్కగానే వినిపిస్తాయి! "రెండూ బాగున్నాయమ్మా, వచ్చే నెల రా" అని పంపిస్తే ఆ నెలలోనే ఇద్దరూ దక్కకుండా పోవచ్చు. అందుకే ఒకే మాయ ఉన్నవాళ్లకు 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కానింగ్ చేసి ఉమ్మనీరు కొలవాలంటారు. సమయానికి పట్టుకుంటే ఆ రక్తనాళాలను లేజర్‌తో మూసే చికిత్స ఉంది. నీరు తోడెయ్యడం కంటే లేజరే మేలని 2004లో యూరప్‌లో జరిగిన పరిశోధన తేల్చింది. పొట్ట కొద్ది రోజుల్లోనే బిగుసుకుపోయినట్టు పెరిగినా, ఆయాసం ముంచుకొచ్చినా తర్వాతి తేదీ కోసం చూడకుండా ఆ రోజే వెళ్లాలి.

కడుపులోని బిడ్డ గుండె చప్పుడు వినడానికి 200 ఏళ్ల చరిత్ర ఉంది. 1821లో కెర్గరడెక్ అనే ఫ్రెంచి వైద్యుడు కొత్తగా వచ్చిన స్టెతస్కోపును ఒక గర్భిణి పొట్ట మీద పెట్టాడు. ఆయన వినాలనుకున్నది ఉమ్మనీటి అలికిడి. వినిపించింది తల్లి నాడి కంటే ఎంతో వేగంగా కొట్టుకునే చప్పుడు. దీంతో కడుపులో ఒకరున్నారా ఇద్దరున్నారా అన్నది కూడా చెప్పవచ్చని ఆయన అప్పుడే గ్రహించాడు. 1895 ప్రాంతంలో మరో ఫ్రెంచి వైద్యుడు పినార్ తయారుచేసిన కొయ్య గొట్టం ఇప్పటికీ ప్రపంచమంతటా మంత్రసానుల చేతుల్లో ఉంది.

యంత్రాలు రాకముందు కవలలను నిర్ధారించడానికి వైద్యులు పెట్టుకున్న పద్ధతి మన మెడికల్ కాలేజీ పాఠాల్లో ఇంకా ఉంది. ఒకరు కాదు, ఇద్దరు వినాలి. పొట్ట మీద రెండు వేర్వేరు చోట్ల, ఒకే సమయంలో. ఆ రెండు చోట్ల మధ్య ఏ చప్పుడూ లేని జాగా ఉండాలి. లెక్కల మధ్య నిమిషానికి కనీసం 10 తేడా రావాలి. అప్పుడుగానీ అవి రెండు గుండెలని ఒప్పుకోకూడదు. చేతిలో కొయ్య గొట్టం తప్ప ఏమీ లేనివాళ్లు ఇంత పట్టుదలగా ఉన్నారు. మన దగ్గర యంత్రాలన్నీ ఉండి ఆ పట్టుదలే సన్నగిల్లింది.

ఆ పట్టుదల ఎందుకు కావాలంటే, డాప్లర్ మోసం చేస్తుంది. అది కదలికను పట్టి చప్పుడుగా మారుస్తుంది, ఎవరి కదలికో చెప్పదు. కుడి వైపు ప్రోబ్ పెట్టినా ఎడమ వైపు పెట్టినా ఒక్కోసారి చిక్కేది ఒకే బిడ్డ గుండె. గోడకు ఇటొకసారి అటొకసారి చెవి ఆనించి, ఒకే గడియారాన్ని విని, రెండున్నాయనుకోవడం లాంటిదే ఇది. తల్లి భయపడినప్పుడో, జ్వరంతో ఉన్నప్పుడో, నొప్పులు పడుతున్నప్పుడో ఆమె నాడే 120 దాటవచ్చు. దాన్ని బిడ్డదనుకుంటే ఇక చెప్పేదేముంది! నెలలు నిండాక బెల్టులు కట్టి కాగితం మీద గీతలు తీసే సీటీజీలోనూ ఇదే చిక్కు. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడుతుంటే అనుమానించాలి. కవలల గుండెలు ఒక్కోసారి నిజంగానే ఒకే వేగంతో నడుస్తాయి కాబట్టి ఊరికే కొట్టిపారెయ్యకూడదు, అలాగని నమ్మనూ కూడదు. స్కానింగ్ యంత్రం తెచ్చి రెండు గుండెలనూ కళ్లతో చూసి, ప్రోబులు సరిచేసి, తల్లి నాడిని విడిగా లెక్కపెట్టాలి. రెండు గీతలూ కలిసిపోకుండా ఒకదాన్ని 20 అంకెలు ఎడంగా జరిపి చూపే సదుపాయం కొన్ని యంత్రాల్లో ఉంది. అది వాడితే ఆ సంగతి కాగితం మీద రాయాలి, లేకపోతే తర్వాత డ్యూటీకి వచ్చిన నర్సు ఆ అంకెనే నిజమనుకుంటుంది.

శిక్షణ ఉన్నవాళ్లకే ఇంత కష్టమైన పనిని ఆన్‌లైన్‌లో కొన్న చిన్న డాప్లర్‌తో ఇంట్లో చెయ్యబోతున్నారు. దయచేసి వద్దు. రెండో గుండె దొరకలేదని రాత్రంతా ఏడ్చేవాళ్ల సంగతి కంటే, మొదటి గుండెనే రెండుసార్లు విని "ఇద్దరూ బాగున్నారులే" అని ఊరుకునేవాళ్ల గురించి నాకు ఎక్కువ భయం. కదలికలు తగ్గాయనిపిస్తే ఆసుపత్రికే వెళ్లాలి.

ఇంకో మాట చెప్పక తప్పదు. గుండె వేగం 140 దాటితే ఆడపిల్ల, తగ్గితే మగపిల్లాడు అనే లెక్క మన వైపు బాగా తిరుగుతోంది. కవలలకు రెండు అంకెలు వేరుగా వస్తే "ఒక ఆడ, ఒక మగ" అని తేల్చేస్తున్నారు. ఇందులో నిజం లేదు. ఏ గుండె వేగమైనా నిద్రలో ఒకలా, కదిలేటప్పుడు ఒకలా నిమిషనిమిషానికీ మారుతుంది. లింగం చెప్పడాన్ని 1994 చట్టం నేరమన్నది ఆడపిండాల ప్రాణాల మీదికి రాకూడదనే.

మన పద్ధతుల్లో నాకెంతో ఇష్టమైనది పుట్టింటి కాన్పు. కవలల విషయంలో ఆ ప్రయాణమే ఒక ఖాళీని తెస్తోంది. మూడో నెల స్కానింగ్ అత్తవారి ఊళ్లో జరుగుతుంది, సీమంతం అయ్యాక అమ్మాయి పుట్టింటికొస్తుంది. మాయ ఒకటో రెండో తేల్చిన కాగితం హైదరాబాదులో బీరువాలో ఉంటుంది, తల్లి శ్రీకాకుళంలో కొత్త డాక్టరు ముందు కూర్చుంటుంది. ఏడో నెలలో ఆ డాక్టరు దాన్ని మళ్లీ తేల్చడం కష్టం. పట్టుచీరలు మరిచిపోయినా ఫర్వాలేదు, ఆ కాగితం మరిచిపోకూడదు. ఏ బిడ్డను "ఏ" అన్నారో, ఏ బిడ్డను "బీ" అన్నారో, ఎవరు ఏ వైపున్నారో అందులో ఉంటుంది.

ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టర్లు ఉచితంగా చూసే కార్యక్రమం 2016 నుంచి నడుస్తోంది. ఆ రద్దీలో ఏఎన్‌ఎంలూ నర్సులూ పడే కష్టం చూసేవాళ్లకు తెలుసు. వాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు. నేను కోరేది ఒక పద్ధతి. తల్లీబిడ్డల కార్డులో గుండె వేగం రాసే గడి ఒక్కటే ఉన్నా, కవలలకు ఆ గడిని అడ్డంగా చీల్చి రెండు అంకెలు, రెండు చోట్లు రాయమని ఆదేశం ఇవ్వడానికి రూపాయి ఖర్చు లేదు. మాయల సంఖ్య లేని కవలల స్కానింగ్ రిపోర్టును అసంపూర్తి రిపోర్టుగా లెక్కకట్టాలి. చిన్న ఆసుపత్రిలో ఆ గుర్తు స్పష్టంగా లేకపోతే 14వ వారం దాటకముందే పెద్దాసుపత్రికి పంపాలి.

కాన్పు గదిలోనూ ఇదే లెక్క. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60కి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు సిజేరియన్లని తేలింది. కవలలంటే మరో ఆలోచనే ఉండదు. మొదటి బిడ్డ తల కిందికి ఉండి నెలలు చాలినంత నిండితే, ముందే సిజేరియన్ అనుకోవడం వల్ల పిల్లలకు అదనపు మేలేమీ లేదని 2013లో ట్విన్ బర్త్ స్టడీ చూపించింది. అయితే అది రెండో బిడ్డను కనిపెట్టి ఉండే నేర్పరులున్న చోట్ల మాట. మొదటి బిడ్డ కేర్‌మనగానే గదిలో అందరి కళ్లూ అటే తిరుగుతాయి, లోపలున్న బిడ్డకు అసలు గండం అప్పుడే. మాయ విడిపోవచ్చు, బొడ్డుతాడు జారవచ్చు, బిడ్డ అడ్డం తిరగవచ్చు. ఆ నిమిషాల్లో ప్రోబ్ మీద ఒక చెయ్యి కదలకుండా ఉండాలి, ఆ గుండె మీద ఒకరి చెవి ఉండాలి, ఆ మనిషికి వేరే ఏ పనీ చెప్పకూడదు. మీ దగ్గర ఆ మనిషి ఎవరని ఎనిమిదో నెలలోనే ఆసుపత్రిని అడగండి. పేరు చెప్పలేకపోతే, చెప్పగలిగిన ఆసుపత్రిని వెతుక్కోవడానికి అప్పటికింకా వ్యవధి ఉంటుంది.