పట్టికలో లేని గంట

వేసవి సెలవులు వచ్చాయి. ఏప్రిల్ చివరి వారం నుండి జూన్ రెండో వారం దాకా మన ఇళ్ళే పిల్లలకు బడులు. అమెరికాలో కొన్ని క్రైస్తవ కుటుంబాలు పిల్లలను బడికి పంపక ఏడాది పొడవునా ఇంట్లోనే చదివించుకుంటాయి. దానిని హోమ్‌స్కూలింగ్ అంటారు. మనకు ఆ అలవాటు లేదు గాని, ఈ ఏడు వారాలూ దాదాపు అదే పని మన తల్లుల మీద పడుతుంది. ఇంట్లో పిల్లలకు తోడు ఊళ్ళ నుండి వచ్చిన చుట్టాల పిల్లలు కూడా చేరితే, బడి ఎప్పుడు తెరుస్తారా అని తల్లులు రోజులు లెక్కపెట్టుకోవడంలో వింత లేదు.

మాకు నలుగురు పిల్లలు. పదిహేడేళ్ళ కిందట ఒక వేసవిలో మా తమ్ముడి పిల్లలు, మా శ్రీమతి అక్కగారి పిల్లలు కూడా వచ్చారు. మందిరం పక్కనున్న మూడు గదుల ఇంట్లో మొత్తం తొమ్మిదిమంది. మేము ఒక పెద్ద చార్టు తెచ్చి, స్కెచ్ పెన్నులతో గళ్ళు గీసి బీరువాకు అంటించాము. ఐదున్నరకు కుటుంబ ప్రార్థన. తరువాత ఎక్కాలు, హిందీ, కంఠత వాక్యం, కీబోర్డు పాఠం, మధ్యాహ్నం కాపీ రైటింగు. అందులోనే పది రోజుల వి.బి.ఎస్. వచ్చినవారందరికీ ఆ చార్టు చూపించేవారము. 'పాస్టరుగారి ఇల్లంటే ఇలా ఉండాలి' అని ఒక పెద్దాయన అంటే ఎంత సంతోషించామో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

వి.బి.ఎస్.లో ఒక అట్టపెట్టె పెట్టి, పిల్లలు తమ ప్రార్థన మనవులు చీటీ మీద రాసి అందులో వేయమనేవారము. పేరు రాయనక్కరలేదు. తొమ్మిదో రోజు రాత్రి ఆ చీటీలు విప్పుతుంటే ఒకటి చేతికి వచ్చింది. 'జూన్‌లో నన్ను హాస్టల్లో చేర్పిస్తున్నారు. నాకు వెళ్ళాలని లేదు. డాడీకి చెప్పడానికి భయంగా ఉంది. ధైర్యం కోసం ప్రార్థన చేయండి.' పేరు లేదు. ఆ అక్షరాలకు పేరుతో పని లేదు, ఎందుకంటే వాటిని దిద్దించింది మేమే. అది మా రెండో అమ్మాయి, అప్పటికి పదకొండేళ్ళు. ఒకే ఇంట్లో, ఒకే చాప మీద ప్రార్థనకు కూర్చునే బిడ్డ తండ్రితో ఒక మాట చెప్పడానికి సంఘపు పెట్టెలో చీటీ వేయవలసి వచ్చింది. ఆ చార్టులో ఉదయం ఐదున్నర నుండి రాత్రి తొమ్మిది దాకా ఒక్క గడి కూడా ఖాళీ లేదు.

ఇలాంటప్పుడు సెమినరీలో చదువుకున్న చరిత్ర ఎంత ఆలస్యంగా అర్థమవుతుందో! జాన్ వెస్లీ తల్లి సుసన్నా వెస్లీని గురించి మేము పరీక్షలో రాశాము, ప్రసంగాలలో చెప్పాము. ఇంగ్లండులో లింకన్‌షైర్‌లోని ఎప్‌వర్త్ అనే ఊళ్ళో ఆమె భర్త పాదిరి. ఆమె కన్నది 19 మందిని, బ్రతికింది పదిమంది. బిడ్డకు ఐదేళ్ళు నిండగానే చదువు మొదలు. ఉదయం తొమ్మిది నుండి పన్నెండు, మధ్యాహ్నం రెండు నుండి ఐదు, తానే చెప్పేది. అప్పులు, పశువులు, ఇంటి చాకిరీ దీనికి అదనం. 1709 ఫిబ్రవరిలో ఇల్లు కాలిపోయింది. కొత్త ఇల్లు కట్టుకునేదాకా పిల్లలు తలా ఒక ఇంట తలదాచుకున్నారు. తిరిగి చేరాక, పిల్లలు చెడు అలవాట్లు నేర్చుకున్నారని బాధపడి ఆమె క్రమాన్ని మళ్ళీ బిగించింది. మన బోధకులు మెచ్చుకునేది ఈ క్రమాన్నే. మేమూ చార్టు గీసింది ఆమెను చూసే.

కాని అసలు సంగతి ఆ తరువాతిది. 1711-12 శీతకాలంలో భర్త సభల కోసం లండనులో ఉన్నాడు. పెద్ద కుమార్తె ఎమీలియా తండ్రి పుస్తకాల గదిలో ఒక పుస్తకం చూసి తల్లికి చదివి వినిపించింది. అది ఎక్కడి కథో తెలుసా? మన పొరుగునున్న తమిళనాడులోని తరంగంబాడిది. 1706లో అక్కడ దిగిన జీగెన్‌బాల్గ్, ప్లూట్షావ్‌ల పరిచర్య వృత్తాంతం. (ఆ మిషనుకే తరువాత వచ్చిన బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చుకొని బైబిలు అనువాదానికి పూనుకున్నాడు.) అది విన్న సుసన్నా, తాను పురుషుడు కాదు, పాదిరీ కాదు, అయినా ఇంకా ఏదో చేయగలనని అనుకుంది. మరి ఏమి చేసింది? ఇంకొక పాఠం పెంచలేదు. రోజూ సాయంత్రం ఒక బిడ్డను ఒంటరిగా కూర్చోబెట్టుకొని మాట్లాడింది. సోమవారం మోలీ, మంగళవారం హెట్టీ, బుధవారం నాన్సీ, గురువారం జాన్, శుక్రవారం పాటీ, శనివారం చార్లెస్, ఆదివారం ఎమీలియా, సూకీ ఇద్దరూ. అప్పటికి జాన్‌కు ఎనిమిదేళ్ళు, చార్లెస్‌కు నాలుగు. జాన్ ఆక్స్‌ఫర్డులో పెద్ద చదువులు చదివి బోధించే స్థితికి వచ్చాక తల్లికి ఉత్తరం రాస్తూ, ఆ గురువారం సాయంత్రంలో కొంచెం భాగం మళ్ళీ తనకు ఇమ్మని అడిగాడు. ఆరు గంటల బడిని అడగలేదు.

సుసన్నా చేసినదంతా మేము సమర్థించడం లేదు. ఏడాది నిండిన పసివాడు బెత్తానికి భయపడి మెల్లగా ఏడవాలన్నది ఆమె పద్ధతి. అది మాకు మింగుడు పడదు. ఒంటరిగా మాట్లాడినంత మాత్రాన పిల్లల బ్రతుకులు చక్కబడతాయనే హామీ కూడా లేదు. మంగళవారపు బిడ్డ హెట్టీ అందరిలోకీ తెలివైనది. 1725లో ఆమె తప్పటడుగు వేస్తే, తండ్రి క్షమించలేకపోయాడు. ఇష్టం లేని పెళ్ళి జరిగి ఆమె జీవితమంతా దుఃఖపడింది. అన్నదమ్ముల్లో జాన్ ఆమె పక్షాన మాట్లాడి తండ్రి కోపానికి గురయ్యాడు. తల్లి ఎంత విన్నా, తండ్రి వినని ఇల్లు అది. మన ఇళ్ళలో వేసవి భారమంతా తల్లికే వదిలి, పరిచర్య అనో ఉద్యోగమనో బయట తిరిగే తండ్రులు ఈ సంగతి ఆలోచించాలి. ముందు మేము ఆలోచించాలి.

ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయం ఏడవ వచనంలో పిల్లలకు నేర్పవలసిన వేళలు ఉన్నాయి. ఇంట కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. ఇందులో తరగతి గది లేదు. వచ్చేపోయేవారి రద్దీలో భోజనానికి కూడా సమయం దొరకని శిష్యులను ప్రభువు ఏకాంతంగా అలసట తీర్చుకొమ్మన్నాడని మార్కు ఆరవ అధ్యాయంలో చదువుతాము. ఆయన మాట వినే మేము మా పిల్లలకు మే నెలలో ఊపిరి తీసుకోనివ్వలేదు.

ఆ చీటీ దొరికిన మరునాటి సాయంత్రం డాబా మీద నీళ్ళు చల్లి, మా అమ్మాయిని కూర్చోబెట్టుకున్నాము. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఏడ్చింది. ఆ ఏడాది హాస్టలుకు పంపలేదు. కట్టిన ఫీజు తిరిగి రాలేదు. మా జీతానికి అది చిన్న మొత్తం కాదు, అయినా దాని గురించి మా శ్రీమతి ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు.

చార్టులో సాయంత్రం గడులు తెల్లకాగితం అంటించి మూసేశాము. తొమ్మిదిమందికి వారం చాలదు గనుక మేమిద్దరం చెరిసగం పంచుకున్నాము. శనివారం మాకు ప్రసంగం సిద్ధపాటు, ఆ రోజు పూర్తిగా శ్రీమతిదే. షరతు ఒక్కటే. ఆ గంటలో కంఠత వాక్యం అడగకూడదు, మార్కుల మాట ఎత్తకూడదు. మొదట్లో మహా ఇబ్బందిగా ఉండేది. చిన్నవాడు పది నిమిషాల్లో ఒళ్ళో నిద్రపోయేవాడు. మా తమ్ముడి కొడుకు మూడు వారాలపాటు క్రికెట్ తప్ప వేరే మాట మాట్లాడలేదు, నాలుగో వారం ఇంట్లో అమ్మానాన్నల గొడవల గురించి చెప్పాడు. మిగతా చదువు అంతా ఉదయం రెండు గంటల్లోకి కుదించాము. ఎక్కాలు ఎవరూ మరచిపోలేదు.

పిల్లలు ఎక్కువగా ఉన్న ఇళ్ళవారు వేసవి పట్టిక వేసుకునే ముందు పిల్లల పేర్లు ఒక్కొక్క సాయంత్రానికి ఎదురుగా రాసుకోండి. సమ్మర్ కోచింగు, ఈత, కంప్యూటరు, సంఘ కార్యక్రమాలు ఆ తరువాతే. సంఘాలకు కూడా ఒక మాట. మే నెలలో వి.బి.ఎస్., యువజన శిబిరం, సువార్త సభలు, పెళ్ళిళ్ళు వరుసగా పెట్టి, కుటుంబాలు కలిసి ప్రార్థించడం లేదని జూన్‌లో మనమే విచారిస్తున్నాము.

ఈ ఏడాది మా సంఘంలో వి.బి.ఎస్. ఉదయం ఎనిమిదిన్నర నుండి పదకొండున్నర వరకే ఉంచి, సాయంత్రం కార్యక్రమాలు తీసివేద్దామని పెద్దలను కోరాము. ఇద్దరు ఒప్పుకోలేదు, పిల్లల సంఖ్య తగ్గుతుందని వారి భయం. ఇంకా మాట్లాడుతున్నాము. చీటీల పెట్టె మాత్రం ఈసారీ ఉంటుంది.