ఆవిష్కర్తలుగా కాదు, కవులుగా

దిగంబర కవుల మొదటి సంపుటిని 1965లో హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడు ఆవిష్కరించాడు. రెండోదాన్ని విజయవాడలో ఒక హోటల్ కార్మికుడు, మూడోదాన్ని విశాఖపట్నంలో ఒక బిచ్చగత్తె. పుస్తకాన్ని పెద్దమనుషుల చేతుల్లో పెట్టని ఆ తెగువకు మేం రుణపడి ఉన్నాం. అయినా అడగాల్సింది ఒకటి మిగిలిపోయింది: ఆవిష్కరించిన ఆ ముగ్గురే రాస్తే ఏం రాసేవాళ్లు?

మా కవుల సంఘం అక్కణ్నుంచి మొదలవుతోంది. మాలో సిరిసిల్ల సాంచాలు (మరమగ్గాలు) నడిపేవాళ్లున్నారు, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టేవాళ్లున్నారు, మున్సిపాలిటీ కాంట్రాక్టు సఫాయి కార్మికులున్నారు. నెలజీతం తీసుకుంటూ కవిత్వం రాసేవాళ్లూ ఉన్నారు. సభల్లో వాళ్లు చివర మాట్లాడతారు.

తెలుగు కవిత్వానికి కష్టజీవి మీద ప్రేమ లేదని మేం అనం. ఆ ప్రేమకు దిగంబర కవుల్లో ఒకడైన చెరబండరాజు జైలుకే వెళ్లాడు. మా పేచీ ఆ తర్వాత పేరుకుపోయిన అలవాటుతో. చెమటచుక్క, పిడికిలి, ఎర్రసూర్యుడు కలిస్తే మేడే సంచికకు కవిత తయారు. అందులో కూలిరేటు ఉండదు, టేకేదారు ఉండడు.

బీడీల సంగతే చూడండి. తునికాకు, తంబాకు తెచ్చుకొని ఇంట్లోనే చుట్టే ఆడమనిషిని 1966 నాటి చట్టమే కార్మికురాలిగా గుర్తించింది. కవిత్వంలో ఆమె ఇప్పటికీ త్యాగమూర్తి అయిన తల్లే. వెయ్యి బీడీలకు ఎంత ఇస్తున్నారు? ఇచ్చిన ఆకు చాలకపోతే ఎవరు కొనాలి? బాగాలేవని తీసేసిన బీడీలు ఎటు పోతున్నాయి? పీఎఫ్ ఎవరికి కడుతున్నారు? ఇదంతా కవిత్వం కాదంటే, ఆ కవిత్వం మాకు అక్కర్లేదు.

రక్షణ లేకుండా మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దించకూడదని 2013లో చట్టం వచ్చింది. దిగినవాళ్లు ఇంకా చనిపోతూనే ఉన్నారు. ఆ చావు మీద కన్నీళ్లతో ముగిసే కవితను మేం వేయం. కాంట్రాక్టు ఎవరిదో, దిగమన్నది ఎవరో అందులో ఉండాలి.

ప్రతి కవితనూ అది ఎవరి గురించో వాళ్ల బస్తీలోనే మొదట చదువుతాం. అబద్ధమనిపించిన పాదాన్ని కొట్టేసే హక్కు వాళ్లది. యజమానుల విరాళం తీసుకోం. యాసను దిద్దం. కార్మికుడు రాశాడు కదా అని చెత్తను మెచ్చుకోం. ఆ జాలి కూడా దొరతనమే.

షిఫ్టు దిగినవాళ్లు దిగినట్టే రండి. రాయడం రాకపోతే చెప్పండి, రాసిపెట్టేవాళ్లున్నారు. కవిత కింద పేరు మాత్రం మీదే ఉంటుంది.