కేసు చచ్చేది కోర్టులో కాదు (వాడ రాతలు - 14)



"కేసు నిలబడలేదు" అనే మాట మన వాడల్లో "వాన పడలేదు" అన్నంత మామూలుగా వినపడుతోంది. వాన పడకపోతే ఎవర్నీ అడగలేం. కేసు నిలబడకపోతే అడగొచ్చు. నిలబెట్టాల్సిన వాడు ఒకడున్నాడు. వాడికి జీతముంది, హోదా ఉంది, జీపు ఉంది. వాడు ఏ రోజు ఏ కాగితం మీద ఏం రాయలేదో అడగకుండా మనం ఏళ్ళ తరబడి కలెక్టరాఫీసు ముందు నినాదాలు ఇస్తున్నాం. నినాదం వద్దనను. కానీ కోర్టులో జడ్జి ముందు ఉండేది ఫైలు. మన గొంతు అక్కడ వినిపించాలంటే అది ఆ ఫైల్లోకి ఎక్కాలి.

నా వాదన ఒక్కటే. అట్రాసిటీ కేసు తీర్పు రోజున చావదు. ఘటన జరిగిన మొదటి వారంలోనే చస్తుంది. తీర్పు దాని డెత్ సర్టిఫికెట్ మాత్రమే.

చుండూరు చూడండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని పొలాల్లో తరిమి చంపి, శవాల్ని సంచుల్లో కట్టి కాలవలో పడేశారు. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోవడానికి, విచారణ మొదలవడానికి 2004 దాకా పోరాడాల్సి వచ్చింది. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఎందుకని? చనిపోయిన సమయం రుజువు కాలేదట. చంపిన చోటు రుజువు కాలేదట. ఎవరు చంపారో రుజువు కాలేదట. ప్రాణం అరచేతిలో పెట్టుకుని పరిగెత్తేవాడు గడియారం చూసుకుంటాడా? ఆ తర్కాన్ని నేను ఎప్పటికీ ఒప్పుకోను. అయితే ఇంకో ప్రశ్న కూడా వేయాలి. సమయం, చోటు, మనిషి - ఈ మూడూ 1991 ఆగస్టులోనే కాగితం మీదికి గట్టిగా ఎక్కించాల్సిన పని ఎవరిది? బాధితులదా? దర్యాప్తుదా? ఫైల్లో ఖాళీలు వదిలినవాళ్ళు ఎక్కడా ముద్దాయిలు కాలేదు. ఆ ఖాళీల గుండా నడిచి ముద్దాయిలు ఇంటికి వెళ్ళిపోయారు.

అది కోస్తా కథ అనుకుంటే మన సీమకే రండి. 2011లో కర్నూలు జిల్లాలో చూపులేని దళిత అమ్మాయి మీద అత్యాచారం జరిగింది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2021 ఏప్రిల్ 27న తీర్పు. అత్యాచారానికి యావజ్జీవ శిక్ష నిలబడింది. అట్రాసిటీ చట్టం కింద వేసిన శిక్ష మాత్రం కొట్టేశారు. కులం, ఆడపుట్టుక, అంగవైకల్యం మూడూ కలిసి ఒక మనిషిని ఎలా నలిపేస్తాయో అదే తీర్పు పేజీల కొద్దీ రాసింది. రాసి, కులం కారణంగానే ఈ నేరం జరిగిందనడానికి ప్రాసిక్యూషన్ సాక్ష్యం పెట్టలేదంది. అప్పటి చట్టం ఆ రుజువు అడిగేది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ దాన్ని మార్చింది. బాధితులు ఎస్సీ, ఎస్టీ అని తెలిసి చేస్తే చాలు. నిందితుడికి బాధితుడితో, కుటుంబంతో పరిచయం ఉందంటే కులం తెలుసనే కోర్టు అనుకోవాలని సెక్షన్ 8 చెప్తుంది. మరి ఆ పరిచయం ఫైల్లో ఎక్కడుంది? "పదేళ్ళుగా వాళ్ళ తోటలో కూలికి పోతున్నాం, మా ఇల్లు ఎస్సీ కాలనీలో అని వాళ్ళకు తెలుసు" అన్న ఒక్క వాక్యం స్టేట్‌మెంటులో ఉందా? మీ ఊరి కేసులో తిరగేసి చూడండి.

ఇప్పుడు నా వృత్తికి దగ్గరైన సంగతి చెప్తాను. తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి ఫిర్యాదు చేతికొస్తే ముందు భాష చూస్తాను. దాదాపు ప్రతి ఫిర్యాదులో ఒకే వాక్యం: "కులం పేరుతో దూషించి, చంపుతానని బెదిరించినాడు." ఇది మన అక్క మాట్లాడిన మాట కాదు. స్టేషన్ రైటరు మాట. వాడు ఏమన్నాడో ఆమె పూస గుచ్చినట్టు చెప్పింది. రాసేవాడికి ఆ బూతు రాయడం నామోషీ, లేదా బద్ధకం, లేదా ముందే కుదిరిన ఒప్పందం. మూడేళ్ళకో నాలుగేళ్ళకో ఆమె బోనెక్కి ఆ మాటలు యథాతథంగా చెప్తుంది. అవతలి లాయరు లేచి, "ఈ మాటలు ఎఫ్‌ఐఆర్‌లో లేవు, ఇప్పుడు కల్పించి చెప్తున్నావు" అంటాడు. అంతే.

బ్రౌన్ దొర వేమన పద్యాల తాళపత్రాలు పోగేసి పాఠాంతరాలు సరిచూశాడు. మన బతుకులకూ పాఠాంతరాలున్నాయి: ఎఫ్‌ఐఆర్ ఒక పాఠం, పోలీసు స్టేట్‌మెంటు ఒక పాఠం, మేజిస్ట్రేటు ముందు ఒకటి, బోనులో ఒకటి. నాలుగూ పక్కపక్కన పెట్టి తేడాలు ఏరేవాడు డిఫెన్స్ లాయరు. ఆ తేడాలు పుట్టించింది ఆమె నోరు కాదు, వేరేవాళ్ళ కలాలు.

అందుకే అసలు మాటలు రాయించండి. ఎంత నీచమైన మాటైనా సరే, ఉన్నదున్నట్టు. ఎక్కడ అన్నాడో, అక్కడ ఎవరెవరు ఉన్నారో రాయించండి. కులదూషణ నలుగురి కంట పడే చోట జరగాలన్నది చట్టం. బయటి మనుషులు లేకుండా నాలుగు గోడల మధ్య జరిగితే ఆ సెక్షన్ కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. రచ్చకట్ట అయితే రచ్చకట్ట, హోటలు ముందు అయితే హోటలు ముందు.

"మరి ఇదంతా పోలీసుల పని కదా, మనమెందుకు చేయాలి?" అని అడిగే తమ్ముళ్ళున్నారు. నిజమే, వాళ్ళ పనే. అంతకంటే పెద్ద నిజం - ఆ పని చేయకపోవడం నేరం. సెక్షన్ 4 చదవండి. నోటితో చెప్పింది రాసుకుని, చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం తీసుకోవాలి. సరైన సెక్షన్లతో కేసు కట్టాలి. కాపీ వెంటనే ఇవ్వాలి. బాధితుల, సాక్షుల స్టేట్‌మెంట్లు రాయాలి. 60 రోజుల్లో చార్జిషీటు వేయాలి, ఆలస్యమైతే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. ఇవి కావాలని చేయని ఎస్సీ, ఎస్టీయేతర ఉద్యోగికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. దానికి ముందు శాఖాపరమైన విచారణ, సిఫార్సు కావాలి. మన మెమొరాండాల్లో ఈ సెక్షన్ ఎన్నిసార్లు కనపడుతుంది? "కఠిన చర్యలు తీసుకోవాలి" అని రాస్తాం. ఎవరి మీద, ఏ సెక్షన్ కింద, ఏ తేదీన చేయని ఏ పనికి - అది రాయం.

దర్యాప్తు బలహీనతను చేతకానితనం అనుకోకండి. అదే స్టేషన్, అదే సిబ్బంది, పెద్దింట్లో దొంగతనం జరిగితే వేలిముద్రలు, సీసీ కెమెరాలు, కాల్ డేటా అన్నీ రెండు రోజుల్లో తెస్తారు. చేతనైన పని మన దగ్గరికొచ్చేసరికి చేతకాకుండా పోతే దాని పేరు కులం.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలు దారి మీదున్న మూడు ఊళ్ళు. అదే దారిలో మన సాక్షులు బెంగళూరుకు కూలికి పోతారు. సమన్లు వచ్చే నాటికి ఇంటికి తాళం. "సాక్షి దొరకలేదు" అని రాసేస్తారు. దొరికినవాడు ఒకరోజు కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని వస్తే వాయిదా. సాక్షులకు ప్రయాణ ఖర్చులు, బత్తా ఇవ్వాలని 1995 నిబంధనలు చెప్తున్నాయి. అడిగి తీసుకున్నవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తర్వాత "సాక్షి హాస్టైల్ అయ్యాడు" అంటారు. సాక్షి తిరిగిపోవడానికి ముందు వ్యవస్థ అతణ్ణి ఎన్నిసార్లు తిప్పి పంపిందో ఎవరూ రాయరు.

కాబట్టి మొదటి వారంలో చేయాల్సినవి చెప్తున్నాను, దాచుకోండి.

దెబ్బలు తగిలితే ముందు సర్కారు ఆసుపత్రి. ఎవరు, దేంతో కొట్టారో డాక్టరుకు చెప్పి రిజిస్టరులో రాయించండి. గాయాల ఫొటోలు తీయండి. రక్తం అంటిన బట్టలు ఉతకొద్దు, పోలీసులకు అప్పగించి రసీదు తీసుకోండి.

స్టేషన్‌లో మా పరిధి కాదంటే, ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందే. ప్రాథమిక విచారణ తర్వాత చూస్తామంటే, అక్కర్లేదని సెక్షన్ 18ఎ చెప్తుంది. 2018 ఏప్రిల్ 2న దేశమంతా రోడ్డెక్కి సాధించుకున్న సెక్షన్ అది. అయినా తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టు, ఆ తర్వాత మేజిస్ట్రేటు.

వీడియో ఉంటే తీసిన ఫోన్ జాగ్రత్త. వాట్సాప్‌లో తిరిగింది నకలు. దాన్ని కత్తిరించొద్దు, పాట కలపొద్దు, అసలు ఫైలు చెరపొద్దు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. ధర్మవరం చీరల దుకాణం ముందో, హైవే పక్క పెట్రోలు బంకులోనో కెమెరా ఉంటే, ఫుటేజీ భద్రపరచమని అదే రోజు దర్యాప్తు అధికారికి రాసివ్వండి. ఆ పెట్టెలు పాత దృశ్యాల మీదే కొత్తవి రాసుకుంటాయి, మన కోసం ఆగవు.

బాధితుల కుల ధ్రువపత్రం, నిందితుడు ఎస్సీ, ఎస్టీ కాదనే తహసీల్దారు పత్రం - రెండూ ఫైల్లో ఉండాలి. పాస్టరుగా ఉన్న ఒకాయన పెట్టిన అట్రాసిటీ కేసును, క్రైస్తవంలోకి మారాడని 2025లో మన హైకోర్టు కొట్టేసింది. ఆ తీర్పు మీద నా కోపం వేరే రాతలో రాస్తాను. అవతలి లాయరు ఆ ప్రశ్న వేస్తాడని మాత్రం ఇప్పుడే తెలుసుకోండి.

దర్యాప్తు చేసేది డీఎస్పీ స్థాయి అధికారేనా? ఏ రోజు ఊరికొచ్చాడు? డైరీలో రాసుకోండి. బెయిలు విచారణకు ముందు మీకు నోటీసు రావాలి, మీ మాట వినాలి. సంఘాల, లాయర్ల సాయం తీసుకునే హక్కు కూడా సెక్షన్ 15ఎ ఇచ్చింది. "నువ్వెవడివి మధ్యలో?" అని ఎవరైనా అంటే ఆ సెక్షన్ చూపించండి.

ఒక హెచ్చరిక. సాక్ష్యం భద్రం చేయడం వేరు, పుట్టించడం వేరు. చూడనివాణ్ణి చూశానని చెప్పించొద్దు. పదిమందికీ ఒకే పాఠం బట్టీ పట్టించొద్దు. నిజం చెప్పే నలుగురి మాటల్లో చిన్న తేడాలుంటాయి, ఉండనివ్వండి. ఒక్క అబద్ధం కలిపితే తొంభై నిజాలు మునుగుతాయి. "అట్రాసిటీ కేసులన్నీ దొంగ కేసులే" అని టీ కొట్టు దగ్గర కూర్చుని తేల్చేవాళ్ళకు మనమే ఆయుధం అందించినట్టవుతుంది. రుజువు చేయకుండా వదిలేసిన కేసు వేరు, అబద్ధం కేసు వేరు. ఆ తేడా వాళ్ళకు తెలియక కాదు, వాళ్ళకు అక్కర్లేదు.

మన నాయకులకూ ఒక మాట. ఎఫ్‌ఐఆర్ రోజు ఫొటోకు వచ్చి, రాజీ పంచాయితీకి మళ్ళీ కనపడే అన్నలారా, మధ్యలో ఫైలు ఎక్కడుందో ఒక్కసారైనా అడిగారా? కారంచేడు తర్వాత హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవి వదిలేసి వచ్చిన బొజ్జా తారకం గారు కవి. ఆ కవే "పోలీసులు అరెస్టు చేస్తే" అనే పుస్తకం సామాన్యుడికి అర్థమయ్యే తెలుగులో రాశారు. పాటా కావాలి, సెక్షనూ కావాలి అని ఆయనకు తెలుసు. జాషువా "గబ్బిలం"లో మనవాడు తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపాడు. దేవుడి దగ్గరికి పంపాడు కాబట్టి రసీదు అడగలేదు. స్టేషన్‌కు పోయే మనం అడగాలి.

విజిలెన్స్ కమిటీ జిల్లాలోనూ డివిజన్లోనూ మూడు నెలలకోసారి కూర్చోవాలన్నది నిబంధన. పెనుకొండలో, ధర్మవరంలో వచ్చే సమావేశానికి దండలు, శాలువాలు కాదు, ఒక పట్టిక పట్టుకుని పోదాం. ఒక్కో కేసుకు ఒక్కో వరుస: ఎఫ్‌ఐఆర్ తేదీ, డీఎస్పీ ఊరికొచ్చిన తేదీ, గాయాల సర్టిఫికెట్, కుల పత్రాలు, ఫోన్ పంపారా లేదా, అరవయ్యో రోజు ఎప్పుడు, చార్జిషీటు ఎప్పుడు. ఖాళీగా ఉన్న ప్రతి గడి దగ్గర ఆ పని చేయాల్సిన అధికారి హోదా, కింద సెక్షన్ 4.

మూడు ఊళ్ళలో చదువుకున్న పిల్లలున్నారు, లాయర్లున్నారు. ఊరికి ఇద్దరు చాలు. కింద కామెంటులో "జై భీమ్" ఒక్కటే రాసి వెళ్ళకండి. మీ ఊరు రాయండి, వారంలో ఒక రోజు ఇవ్వగలరేమో రాయండి. కేసు వివరాలు, బాధితుల పేర్లు ఇక్కడ పెట్టొద్దు, ఇన్‌బాక్సుకు రండి. పట్టిక నమూనా పంపిస్తాను.