కాయిన్ వెయ్యని ఆట

2023 నవంబర్‌లో, పోలింగ్‌కి నాలుగు రోజుల ముందు, మా పెద్దనాన్న టీవీ సౌండు పెంచి నా వైపు తిరిగాడు. "మీ వీడియో గేముల పోరగాళ్లకు రాజకీయాలు ఏం తెలుస్తయ్ రా? మీకు అంతా ఢిష్యుం ఢిష్యుమే" అన్నాడు. ఆ మాట అనే సమయానికి టీవీలో ఆరుగురు పెద్దమనుషులు ఆరు చిన్న డబ్బాల్లో కూర్చుని ఒకేసారి అరుస్తున్నారు. వాళ్లని ఆపాల్సిన యాంకర్ వాళ్లకన్నా గట్టిగా అరుస్తున్నాడు. తన పార్టీ ఆయన గొంతు లేచినప్పుడల్లా మా పెద్దనాన్న సోఫా అంచుకి జరిగి "గట్ల పెట్టు" అంటున్నాడు.

ఇంట్లో పెద్దవాళ్లకి ఎదురు చెప్పడం మాకు అలవాటు లేదు కాబట్టి ఆ రోజు ఊరుకున్నాను. జవాబు ఇప్పుడు ఇక్కడ చెప్తాను. మమ్మల్ని చెడగొట్టింది వీడియో గేములు కావు. నిజానికి ఈ చర్చలకన్నా మా వీడియో గేమ్ షాపే ఎక్కువ మర్యాదగా నడిచింది.

చిక్కడపల్లిలో మా సందు చివర ఉండేది ఆ షాపు. సగం దించిన షట్టరు, లోపల నాలుగు మిషన్లు, ఒక టేబుల్ ఫ్యాను. నేను నాలుగో క్లాసులో ఉన్నప్పుడు, అంటే 2006 ప్రాంతంలో, ఆటకి రూపాయి. అక్కడ రాజు ముస్తఫా. ఆ ఆట అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, 1993లో జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ తయారు చేసింది. ఆ సంగతి మాకెవరికీ తెలీదు. నలుగురు హీరోల్లో పసుపు టోపీ పెట్టుకుని ఎగిరి తన్నేవాడి పేరు ముస్తఫా కాబట్టి, హైదరాబాద్ పిల్లలందరికీ ఆట పేరే ముస్తఫా. వాడు మన పాతబస్తీ వాడేనని మాలో సగం మంది నమ్మకం.

ఆ షాపులో కొన్ని పద్ధతులుండేవి. స్క్రీన్ కింద అంచు మీద రూపాయి పెడితే తర్వాతి ఆట నీది. ఆ రూపాయిని టెన్త్ క్లాస్ అన్నలు కూడా ముట్టుకునేవాళ్లు కాదు. ఓడిపోతే లేవాలి. "అన్నా, బటన్ పని చెయ్యలే" అని గొడవ చేస్తే షాపాయన వచ్చి బటన్ నొక్కి చూసేవాడు. పని చేస్తే "లే" అనేవాడు. స్కోరు అందరికీ కనబడేది. కాబట్టి ఎవరు గెలిచారన్న దాని మీద మర్నాడు వాదన ఉండేది కాదు.

ఇప్పుడు టీవీ చర్చ చూడండి. అక్కడ వరస లేదు, టైము లేదు, ఓడిపోవడం అన్నదే లేదు. నిన్న తప్పు లెక్క చెప్పి దొరికిపోయినాయన ఇవాళ అదే డబ్బాలో, అదే ఇస్త్రీ చొక్కాలో ప్రత్యక్షం. 2023 అక్టోబర్ 25న కుత్బుల్లాపూర్‌లో ఒక ఛానెల్ ఎన్నికల చర్చ పెడితే, జనం ముందు, కెమెరాల ముందు, సిట్టింగ్ ఎమ్మెల్యే ప్రత్యర్థి అభ్యర్థి గొంతు పట్టుకున్నాడు. స్ట్రీట్ ఫైటర్‌లో కూడా రౌండు మొదలయ్యే దాకా ఆగుతారు. ఆ తర్వాత ఎన్నికల్లో ఆయన 85 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచాడు. అంటే చర్చలో ఏం జరిగినా అది ఎవరికీ లెక్కలోకి రాదని మనందరికీ ముందే తెలుసు. తెలిసీ చూస్తాం.

ఎందుకు చూస్తాం? దీనికి జవాబు కూడా నాకు ఆ షాపులోనే దొరికింది.

ఎవరూ కాయిన్ వెయ్యకపోతే మిషన్ ఖాళీగా ఉండదు. తనంతట తానే ఆడుకుంటుంది. ఇద్దరు వీరులు వచ్చి కొట్టుకుంటారు, ఫలితం తేలకముందే తెర మారిపోతుంది, మళ్లీ మొదటి నుంచి అదే కొట్లాట. దాన్ని డెమో అంటారు. డబ్బుల్లేని రోజు నేనూ, మా పక్కింటి పిల్లాడూ ఆ మిషన్ ముందు నిలబడి స్టిక్ ఊపుతూ, బటన్లు టకటకా కొడుతూ, "నేను ఎర్ర డ్రెస్సు, నువ్వు తెల్ల డ్రెస్సు" అని పంచుకుని అరిచేవాళ్లం. మా వేళ్లకీ తెర మీద బొమ్మలకీ ఏ సంబంధమూ లేదు. అయినా గెలిచినంత సంతోషం, ఓడినంత ఏడుపు.

మా పెద్దనాన్న "గట్ల పెట్టు" అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది అదే. మనం చూస్తున్నది చర్చ కాదు, డెమో. మన చేతిలో ఉన్నది వైరు లేని స్టిక్.

ఓటు ఉంది కదా, అదే కాయిన్ అంటారు కొందరు. కాయిన్ వేస్తే స్టిక్ తిప్పిన వైపుకి బొమ్మ కదలాలి. ఓటేసిన మర్నాటి నుంచి అయిదేళ్ల దాకా బొమ్మలు వాటి ఇష్టమొచ్చినట్టు అవే కొట్టుకుంటుంటే దాన్ని ఆడటం అనరు.

నేనేదో అభిమానాలకి అతీతుడినని చెప్పుకోవడం లేదు. ఏడో క్లాసులో నేను ప్లేస్టేషన్ పార్టీ. మా ఇంట్లో ప్లేస్టేషన్ లేదు. మా క్లాసులో ఒక్కడింట్లో ఉండేది, వాడు నన్నెప్పుడూ పిలవలేదు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత కంప్యూటర్ పత్రికలు కొనుక్కుని, బొమ్మలు చూసి, అంకెలు బట్టీ పట్టి, ఎక్స్‌బాక్స్ వాళ్లతో నారాయణగూడ ఫ్లైఓవర్ కింద బస్సు వచ్చేదాకా కొట్లాడేవాణ్ణి. అవతలి వాడికీ ఎక్స్‌బాక్స్ లేదు. ఇద్దరం ముట్టుకోని వస్తువు కోసం ఒక ఏడాది మాటలు మానేశాం. అభిమానం అంటే ఏమిటో నాకు అక్కడ తెలిసింది. నీ దగ్గర లేనిదాన్ని నీదనుకుని, దాని తరఫున నీ పక్కవాడితో తగువు పెట్టుకోవడం. మేనిఫెస్టో మొదటి పేజీ కూడా తిప్పకుండా పార్టీ కోసం దోస్తులని వదులుకునేవాళ్లని చూస్తే నాకు నవ్వు రాదు. ఆ పని నేనూ చేశాను.

కాకపోతే నాకప్పుడు పన్నెండేళ్లు.

ఇది మా తరం జబ్బు అనేవాళ్లకి ఒక మాట. 1982 మార్చి 29న ఎన్టీఆర్ పార్టీ పెడితే, 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యారు. ఊరూరా అభిమాన సంఘాలే పార్టీకి కాళ్లూ చేతులూ అయ్యాయి. అప్పుడు ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో కటౌట్‌కి దండ వేసినవాళ్లలో మా పెద్దనాన్న ఒకడు. ఆయన ముస్తఫా ఆడలేదు. అభిమానం మాత్రం మాకన్నా ముందే ఆడాడు. 2024 జూలైలో ట్రంప్ తన ఉపాధ్యక్ష అభ్యర్థిగా జేడీ వాన్స్ పేరు ప్రకటించగానే, ఆయన భార్య ఉషా పూర్వీకులది వడ్లూరు అని, "మన ఆడపడుచు" అని మన ఛానెళ్లు ఊగిపోయాయి. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ అమెరికాలో. ముస్తఫాది పాతబస్తీ అనుకున్న మాకూ, వీళ్లకీ ఎంత తేడా?

అయితే ఆ అమెరికా సంగతే ఇంకొకటి చెప్పాలి. 2024 జూన్ 27న బైడెన్, ట్రంప్ చర్చ జరిగింది. మనకి 28 పొద్దున ఆరున్నర. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదువుతున్న నా దోస్తు, కరెంట్ అఫైర్స్ కదా అని మెస్సులో ఇడ్లీ తింటూ ఫోన్‌లో చూశాడు. వాడికి నచ్చింది ఒక్కటే: ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్ల మైకు కట్టేశారు. హాల్లో చప్పట్లు కొట్టడానికి జనం కూడా లేరు. అక్కడ అబద్ధాలు చెల్లలేదని కాదు, చెల్లాయి. యాంకర్లు సరిదిద్దలేదు కూడా. కానీ మైకు కట్టేసిన ఆ నిశ్శబ్దంలో 81 ఏళ్ల మనిషి తడబాటు అందరికీ వినబడింది. నెల తిరక్కుండా, జూలై 21న, ఆయన పోటీ నుంచి తప్పుకున్నాడు. చర్చ అన్నాక ఏదో ఒకటి తేలాలి కదా, తేలింది.

మన దగ్గర అదే ఏడాది మే నెలలో మాజీ న్యాయమూర్తులు మదన్ లోకూర్, ఏ.పీ. షా, పాత్రికేయుడు ఎన్. రామ్ కలిసి మోదీనీ రాహుల్ గాంధీనీ బహిరంగ చర్చకి రమ్మని ఉత్తరం రాశారు. రాహుల్ వస్తానన్నారు. చర్చ మాత్రం జరగలేదు. పోటీలో ఉన్నవాళ్లు రారు, వాళ్ల బదులు అరవడానికి వేరేవాళ్లని పంపుతారు. అరిచినవాళ్ల మాటకి రేపు ఎవరూ పూచీ పడరు, "అది ఆయన వ్యక్తిగత అభిప్రాయం" అంటారు.

దీని ఖరీదు ఎవరు కడుతున్నారో చూడాలంటే దూరం పోనక్కర్లేదు, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దాకా నడిస్తే చాలు. ఆ లైబ్రరీ చుట్టూ సందుల్లో, పడక పట్టేంత గదుల్లో, జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు ఏళ్ల తరబడి చదువుతున్నారు. గ్రూప్-1కి 503 పోస్టులని 2022లో నోటిఫికేషన్ వచ్చింది. ఆ అక్టోబర్ 16న ప్రిలిమ్స్ రాశారు. పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్ 11న మళ్లీ రాశారు. సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2022 డిసెంబర్‌లో 783 పోస్టులకి వచ్చిన గ్రూప్-2 నోటిఫికేషన్‌కి పరీక్ష జరిగింది 2024 డిసెంబర్‌లో. మధ్యలో ఒక ప్రభుత్వం పోయి ఇంకొకటి వచ్చింది.

2023 అక్టోబర్‌లో ఇక్కడ హాస్టల్లో గ్రూప్-2కి చదువుతున్న ఒక అమ్మాయి ప్రాణం తీసుకుంది. ఆ రాత్రి అశోక్‌నగర్ రోడ్డంతా పిల్లలే. తెల్లారేసరికి టీవీల్లో రెండు పక్షాలు తయారు. పరీక్షల వాయిదా వల్ల అని ఒకరు, కాదు సొంత కారణాలని ఒకరు. ఒక మనిషి చావుకి ఎర్ర డ్రెస్సు, తెల్ల డ్రెస్సు పంచుకున్నారు. పరీక్ష ఎప్పుడు పెడతారు అన్న ప్రశ్న ఆ అరుపుల్లో వినబడలేదు. నవంబర్ 25న రాహుల్ గాంధీ అశోక్‌నగర్ వచ్చి వీళ్లతో మాట్లాడారు. మొదటి ఏడాదిలో 2 లక్షల ఉద్యోగాలని కాంగ్రెస్ మాట ఇచ్చింది. ఆ ఏడాది అయిపోయింది. రెండు లక్షలూ నిండలేదు. ఇప్పుడు టీవీలో చర్చ ఏమిటంటే, గత ప్రభుత్వం ఎన్ని ఇచ్చింది, ఈ ప్రభుత్వం ఎన్ని ఇచ్చింది, ఎవరి స్కోరు ఎక్కువ. నా దోస్తు ఒకే మాట అన్నాడు: "మా గురించి చర్చ అయితది రా. మాతోని కాదు."

2024 డిసెంబర్ 4 రాత్రి సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు నెలల పాటు ఆసుపత్రిలో ఉన్నాడు. అడగాల్సింది చిన్న ప్రశ్న. అంత జనాన్ని అదుపు చెయ్యాల్సిన బాధ్యత ఎవరిది, ఇంకోసారి కాకుండా ఏం చేస్తారు? వారం తిరిగేసరికి అది హీరో అభిమానులకీ ముఖ్యమంత్రి అభిమానులకీ మధ్య మ్యాచ్ అయింది. చనిపోయినావిడ ఏ జట్టులోనూ లేదు.

"అభిమానమైనా లేకపోతే కుర్రాళ్లు రాజకీయాల వైపు చూడనే చూడరు కదా" అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. నిజమే, చూడరు. కానీ చూడటం దగ్గరే ఆగిపోవడం నాకు ఇష్టం లేదు. ముస్తఫా మీద నాకిప్పటికీ పిచ్చే. ఆ పిచ్చి వల్ల ఎవరి నోటిఫికేషనూ రద్దు కాలేదు. నాయకుణ్ణి ముస్తఫాలాగా ప్రేమించడమే పొరపాటు. ముస్తఫా మనకి జవాబు చెప్పక్కర్లేదు. నాయకుడు చెప్పాలి.

నేను అడిగేది పెద్ద విప్లవమేం కాదు. వచ్చే ఎన్నికల్లో మా నియోజకవర్గంలో పోటీ చేసే అభ్యర్థులు, వాళ్ల ప్రతినిధులు కాదు, వాళ్లే, లైబ్రరీ ఆవరణలోనో, త్యాగరాయ గానసభలోనో, సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనో ఒక సాయంత్రం కూర్చోవాలి. హాళ్లకి ఈ చుట్టుపక్కల కొదవ లేదు. ప్రశ్నలు యాంకర్ అడగొద్దు, ఇక్కడ అద్దెకుండేవాళ్లు అడగాలి. రెండు నిమిషాలు అయ్యాక మైకు కట్టెయ్యాలి. చెప్పిన ప్రతి మాట పక్కన తేదీ రాసి లైబ్రరీ గోడకి అంటించాలి. ఏడాదికోసారి అదే కుర్చీలో కూర్చోబెట్టి అదే కాగితం చదివించాలి. బ్యాంకు పరీక్షలో తప్పు జవాబుకి పావు మార్కు కోస్తారు. ఇరవై రెండేళ్ల పిల్లలకి ఆ నియమం పెట్టిన దేశం, వాళ్ల ఎమ్మెల్యేకి కనీసం జవాబుపత్రం దిద్దించలేదా?

అభ్యర్థులు రారంటారా? రాని వాళ్ల కుర్చీ ఖాళీగా పెట్టి, పేరు రాసి ఉంచుదాం. ఆ ఖాళీ కుర్చీ కూడా ఒక జవాబే.

పెద్దనాన్నా, నువ్వూ రా. నీ పార్టీ ఆయన్నీ పిలుస్తాం. సోఫా ఉండదు, ప్లాస్టిక్ కుర్చీలే. "గట్ల పెట్టు" అనడానికి వీల్లేదు. ఒక్క ప్రశ్న కాగితం మీద రాసుకుని వచ్చి, నీ వరస వచ్చేదాకా కూర్చోవాలి. ఎట్లా కూర్చోవాలో తెలీకపోతే నన్నడుగు. నాకు నాలుగో క్లాసులోనే నేర్పించారు.